పంపే చెయ్యి

కిందటి వారం మనం సతుర్నీనాని ఎల్ ఆల్తోలోని ఆమె వంటింట్లో, పొయ్యి పక్కన, సూదికి దారం ఎక్కిస్తుండగా వదిలి వచ్చాం. మనవరాలు యోసెలిన్ లా కాలేజీ ప్రవేశ పరీక్షలో నెగ్గిందన్న కబురు విన్నప్పటి నుంచి ఆ ముసలిదాని కాళ్ళు నేలమీద ఆనడం లేదు. "నెగ్గాను అమ్మమ్మా" అన్న మాట పిల్ల నోట పూర్తిగా రాకముందే వీధిలోకి పరుగెత్తి, రొట్టెల అంగడి నుంచి మినీబస్సుల మలుపు దాకా చాటింపు వేసి వచ్చింది. యోసెలిన్ చెప్పవలసిన రెండో మాట ఒకటి మిగిలిపోయింది. ఆ రోజు చెప్పబోతే అమ్మమ్మ ఏడుస్తోంది. మర్నాడు చెప్పబోతే పాడుతోంది. ఆ తరవాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

ఆ రెండో మాట ఇవాళ బయటపడింది. ఇంట్లో కాదు. కొండ దిగువన లా పాస్‌లో అలసీతా సంత నడుమ, మిట్టమధ్యాహ్నం దీవెన వేళ దగ్గర పడుతుండగా.

ఆ సంతలో అమ్మేవన్నీ బొమ్మంత వస్తువులే. ఇల్లు కావలసినవాళ్ళకి అరచేతిలో పట్టే ఇల్లు, బండి కావలసినవాళ్ళకి అగ్గిపెట్టెంత బండి, మొగుడు కావలసిన పిల్లకి మట్టి కోడిపుంజు. జనవరి ఇరవై నాలుగున సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ధూపం పట్టించి దీవిస్తే, ఏడాది తిరిగేలోగా ఆ బొమ్మ నిజమై ఇంటికొస్తుంది. అయితే ఎవరిది వాళ్ళు కొనుక్కుంటే పనిచెయ్యదు. ప్రేమున్న మరో చెయ్యి ఇవ్వాలి.

సతుర్నీనా నలభై ఏళ్ళుగా ఈ సంతకి సూట్‌కేసులు కుడుతోంది. బొటనవేలంత పెట్టెలు. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర తోలు ముక్కలు ఏరుకొచ్చి, నానబెట్టి, కోసి, దారంతో కుట్టి, లోపల పూలగుడ్డ అస్తరు వేసి, పైన కందిగింజంత తాళం పెడుతుంది. ప్రయాణం మీద మనసు పడ్డవాళ్ళు ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా 'పెట్టెల అవ్వ'నే వెతుక్కుంటూ వస్తారు.

ఈ ఏడు ఆమె పెట్టెలు తక్కువ కుట్టింది. ఆ సమయమంతా మనవరాలి కాలేజీ మొదటి సంవత్సరానికి కావలసిన బొమ్మలకి పోయింది. గోరంత శిక్షాస్మృతి, గోరంత పౌరస్మృతి, రెంటినీ కట్టే రిబ్బను. చదువుకునే బల్ల. బల్లమీద దీపం. నోటి పరీక్షలకి వేసుకునే నల్లకోటు, దానికి ఆవగింజల్లాంటి బొత్తాలు. చివరికి రాగితీగతో కళ్ళజోడు కూడా.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా అమ్మమ్మా!"

"ఇప్పుడున్నాయి. ఆ పుస్తకాల లావు చూశాక నాకు నమ్మకం లేదు."

సతుర్నీనా బడి గడప తొక్కలేదు. తోలు చుట్టి తెచ్చుకునే పాత పేపర్ల మీద ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదువు నేర్చింది. ఈ నెలంతా పొద్దుటిపూట భూతద్దం పెట్టుకుని, సంతలో అమ్మే గోరంత రాజ్యాంగాన్ని చదువుతూ, మనవరాలిని నిలబెట్టి ప్రశ్నలడిగింది.

"చట్టం అంటే ఏమిటి? చెప్పు."

"కూర్చుని చెప్తానే."

"సార్లకి కూర్చుంటే నచ్చదు. నిలబడు. చేతులు ఆడించకు. నీ కనుబొమ్మ పైకెత్తకు, పొగరనుకుంటారు."

యోసెలిన్ ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గండి ఉంది. ఎవరో రబ్బరుతో చెరిపినట్టు. అది తాత ఫోర్తునాతో నుంచి వచ్చింది. తాతని పిల్ల చూడలేదు. గండి మాత్రం తెచ్చుకుంది.

మొదటి సంవత్సరమంతా ఇలా బల్లమీద తయారైంది కానీ ఒక్క వస్తువు మాత్రం లేదు. పెట్టె. ఊరందరికీ పెట్టెలు కుట్టే మనిషి మనవరాలికి పెట్టె కుట్టలేదు. యోసెలిన్ ఒకసారి నసుగుతూ అడిగింది కూడా. "కేబుల్ కారులో దిగి వెళ్ళే కాలేజీకి పెట్టెందుకే?" అని అమ్మమ్మ సూదిని నోట్లో పెట్టుకుంది. ఆమె నోట్లో సూది ఉన్నప్పుడు మాటలు ముగిసినట్టే.

*

పొద్దున్నే జల్లు పడి ఆగింది. కొట్ల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాలు నీళ్ళు నింపుకుని ఆవు పొట్టల్లా వేలాడుతున్నాయి. సతుర్నీనా కర్ర పెట్టి పొడిచినప్పుడల్లా నీళ్ళు పక్క కొట్టు మీద దబదబా పడుతున్నాయి. పక్క కొట్టు పాన్ఫిలాది. మట్టి పుంజులు అమ్ముతుంది.

"వదినా! నా పుంజులకి స్నానం చేయించమని నిన్నడిగానా?"

"రంగు నిలుస్తుందో లేదో జనం చూడద్దూ!"

"దొతోరా, విన్నావా? సాక్ష్యం నువ్వే," అని పాన్ఫిలా యోసెలిన్ వైపు తిరిగింది. ఆ ఊళ్ళో లాయర్లని దొతోర్ అంటారు. యోసెలిన్ ఇంకా కాలేజీ గుమ్మం ఎక్కలేదు కానీ, వీధంతా ఆమెని అప్పుడే దొతోరాని చేసేసింది. "మీ అమ్మమ్మ మీద కేసు వేస్తాను. నా తరపున వాదిస్తావా?"

"ఆవిడ తరపున ముందే మాటిచ్చానత్తా."

"అయితే ఇద్దరి తరపునా వాదించు. పెద్ద లాయర్లు ఇద్దరిళ్ళల్లోనూ భోంచేస్తారు."

"భోజనం దగ్గరే ఆగిపోతారు, తీర్పు దాకా రారు," అంది యోసెలిన్. పాన్ఫిలా టోపీ జారిపోయేలా నవ్వింది. సతుర్నీనాకి ఆ నవ్వు తన మెడలో హారం వేసినట్టనిపించింది. ఇలాంటి పిల్ల తన కొట్లో స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద జెరాక్సు పుస్తకం పెట్టుకుని, పెదాలు కదుపుతూ నిర్వచనాలు బట్టీ పడుతోంది. రేపు సాయంత్రాలు కూడా ఇలాగే ఉంటాయి. పిల్ల కాలేజీ నుంచి కేబుల్ కారు ఎక్కి వస్తుంది, తను వేడివేడి మొక్కజొన్న అంబలి గ్లాసులో పోసి ఎదురు చూస్తుంది. ఇంతకంటే దేవుణ్ణి ఏం అడగాలి?

మబ్బు మళ్ళీ ముసురుకుంది. గోరంత పుస్తకాలు తడుస్తాయేమోనని, వాటిని చుట్టడానికి సతుర్నీనా మనవరాలి నేతదుప్పటి మూట విప్పింది. పిల్ల "అమ్మమ్మా, ఆగు" అనేలోపే విప్పేసింది.

మూటలో గోధుమరంగు పెట్టె ఉంది. బొటనవేలంత పెట్టె.

సతుర్నీనా దాన్ని పైకెత్తి వెలుగులో తిప్పింది. అంచు గోటితో గీరింది.

"ఇది జిగురు," అంది.

యోసెలిన్ పుస్తకం మూసింది.

"కుట్టు లేదు. ఒక్క కుట్టు లేదు. తోలు కూడా కాదు, అట్టకి రంగు. నా కొట్లో కూర్చుని, నా అన్నం తిని, జిగురు పెట్టె కొన్నావుటే? ఎవడి దగ్గర? ఆ మూల ఎర్రముక్కు వాడి దగ్గరా?"

"అవును."

"ఎవరికి?"

పాన్ఫిలా పుంజులు సర్దుతున్న చేతులు ఆపింది. ఆమెకి ఎవరి ఇంట్లో కుండ పగిలినా ముందు వినబడుతుంది.

"నాకే," అంది పిల్ల.

"నీకు నువ్వే కొనుక్కున్నావా?" పాన్ఫిలా ఆగలేకపోయింది. "తన భుజం తనే తట్టుకున్నట్టు! ఏం పని చేస్తుందే అది?"

"నాకు తెలుసత్తా. ఏం చెయ్యను? కొనిచ్చేవాళ్ళని అడగలేకపోయాను."

సతుర్నీనా ఆ జిగురు పెట్టెని కొట్టు బల్లమీద తన పెట్టెల పక్కన పెట్టింది. దాని అంచు అప్పుడే తేమకి లేస్తోంది. ఇంతసేపూ కోపం పెట్టెలు కుట్టే మనిషిది. ఆ కోపం చల్లారాక, దాని వెనక నిలబడ్డ భయం మెల్లిగా ముందుకొచ్చింది.

"యోసీ, పెట్టె నీకెందుకే?"

"అమ్మమ్మా... ఇక్కడి జాబితాలో నా పేరు లేదు."

"నెగ్గానన్నావు."

"నెగ్గాను. సూక్రేలో. రెండు చోట్లా రాశాను. అక్కడ వచ్చింది. ఆ రోజే చెబుదామనుకున్నాను. నువ్వు అప్పటికే రొట్టెల అంగడి దాకా వెళ్ళిపోయావు."

సూక్రే. చీకటి పడ్డాక బస్సెక్కితే తెల్లారాక దిగే ఊరు. తెల్లటి గోడల ఊరని, పెద్ద న్యాయస్థానం ఉన్న ఊరని సతుర్నీనా పేపర్లో చదివింది. చదివినప్పుడు ఆ ఊరు బాగానే ఉంది. ఇప్పుడు ఆ రెండక్షరాలే మనవరాలిని మింగే నోరులా అనిపించాయి.

*

ఆమె ఏదో అనబోయింది. అంతలో కొట్టు ముందు ఒక మనిషి నిలబడ్డాడు. వియాచా నుంచి వచ్చాడట, బూట్లకి బురద.

"పెట్టెల అవ్వా, బాగున్నారా? ఒక మంచి పెట్టె ఇవ్వండి. మా చెల్లెలికి. స్పెయిను వెళ్ళాలి."

సతుర్నీనా చేతులు వాటంతట అవే ఒక నల్లపెట్టె తీశాయి. "పోయినేడు కూడా చెల్లెలికే కొన్నావు కదూ?"

"గుర్తుంచుకున్నారే! ఆ చెల్లెలికే. వెళ్ళలేదవ్వా, వీసా రాలేదు. తప్పు మాదే. బస్సు చెడిపోయి పొద్దు వాలాక వచ్చాం. దీవించే ఆయన నిప్పులు కూడా ఆర్పేశాడు. ఏదో చల్లబడ్డ బూడిద చల్లించుకుని పోయాం. అందుకే ఈసారి తెల్లారకుండానే దిగాను."

అతను పెట్టెని టోపీ లోపల దాచుకుని, ధూపం లేస్తున్న వైపు జనంలో కలిసిపోయాడు. యోసెలిన్ అతని వీపు వంకే చూస్తూ ఉండిపోయింది. ఆమె గండి కనుబొమ్మ కొంచెం పైకి లేచింది. సతుర్నీనా అది చూడలేదు. పెట్టెల వరసలో ఏర్పడ్డ ఖాళీని సరిచేస్తోంది.

"చూశావా," అంది యోసెలిన్ మెల్లిగా. "ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్ళ చెల్లెలికి అడగ్గానే ఇచ్చావు. నాకు ఇవ్వవు."

"ఇవ్వను."

"ఎందుకు?"

"ఊరివాళ్ళకి అమ్ముతాను. కొనేదీ ఇచ్చేదీ వాళ్ళ చెయ్యి. కుట్టడం వరకే నాది. నా చేత్తో నేనిచ్చింది రెండే రెండు పెట్టెలు." ఆమె నోట్లో పెట్టుకోవడానికి సూది కోసం తడుముకుంది. సూది దొరకలేదు. మాటలు ఆగలేదు. "మొదటిది మీ తాతకి. చెరుకు కోతలకి అర్జెంటీనా పోతానన్నాడు. ఆయన పాత బూటు నాలిక కోసి కుట్టాను, ఆకుపచ్చ రంగేసి. తెల్లదారం అయిపోతే ఎర్రదారంతో కుట్టాను. తాళానికి ఏమీ లేక ఆయన గడియారం పట్టీ బకిలు పెట్టాను. నవ్వాడు. 'ఇంత అందమైన పెట్టె ఉంటే నిజంగానే పోవాలి మరి' అన్నాడు. పోయాడు. కోతలు ముగిశాయి, మళ్ళీ కోతలొచ్చాయి. కబురు లేదు."

పాన్ఫిలా తన స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఆమెకి ఈ కథ తెలుసు. అయినా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రెండోది మీ అమ్మకి. నీకప్పుడు నాలుగేళ్ళు. సావ్ పావ్లోలో కుట్టు మిషన్ల పని ఉందన్నారు. వద్దనుకుంటూనే కుట్టాను. నీలం పెట్టె. ఏడాదిలో వచ్చేస్తానంది దేలియా. ఇప్పుడు అక్కడ దానికి ఇల్లుంది, మొగుడున్నాడు, ఆదివారం ఫోన్లో గొంతుంది. అంతే." ఆమె తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది, ఎవరిదో అన్నట్టు. "ఈ చెయ్యి మంచిది కాదే యోసీ. ఇది పంపే చెయ్యి. పిలిచే చెయ్యి కాదు. నీకు దీంతో పెట్టె ఇవ్వను. పుస్తకాలిస్తాను, బల్ల ఇస్తాను, కళ్ళజోడిస్తాను. పెట్టె ఇవ్వను."

యోసెలిన్ స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది, నెలంతా అమ్మమ్మ నేర్పినట్టే.

"ఒక్క ప్రశ్న అడగనా?"

"అడుగు."

"తాత పెట్టెని ఎప్పుడు దీవించారు?"

"అదేం ప్రశ్న? ఈ రోజునే. సంత రోజునే."

"రోజు కాదమ్మమ్మా, పొద్దు. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? ఇక్కడే. ఆ వేళకే కదా జనం ఎగబడేది. కొట్టు వదిలి ఎలా పోతాను?"

"అమ్మ పెట్టెకి?"

"అప్పుడూ అంతే."

"అత్తా, నువ్వు చెప్పు. ఈవిడ ఎప్పుడైనా దీవెన వేళకి కొట్టు వదిలి వెళ్ళిందా?"

పాన్ఫిలా న్యాయమూర్తిలా ఒళ్ళోని టోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి చూడలేదు. ఆకాశం ఊడిపడినా కదలదు. సంతంతా కట్టేశాక, మిగిలినవి మూటగట్టి, ఇంటికి పోతూ పోతూ ఆర్పేసిన నిప్పుల దగ్గర ఆగేది. నేనూ అంతే. అందుకే నాకింకా ఇల్లు రాలేదు, ఈ ముసలి మొగుడే మిగిలాడు."

"అంటే పొద్దు వాలాక. చల్లబడ్డ బూడిదతో," అంది యోసెలిన్. "ఇందాకటి ఆయన చెల్లెలి పెట్టెలాగే. ఆమె పెట్టె పనిచెయ్యలేదు. ఆమె వెళ్ళలేదు. తాత పెట్టే అంతే, అమ్మ పెట్టే అంతే. వాటికి బలమే లేదు. అవి ఎవర్నీ ఎక్కడికీ పంపలేదు. నీ చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు అమ్మమ్మా!"

"అబ్బో!" అని పాన్ఫిలా చప్పట్లు కొట్టింది. "నిర్దోషి! వదినా, నువ్వు నిర్దోషివి. పుంజు కోసి పండగ చేసుకుందాం. మట్టిది కాదు, నిజంది."

సతుర్నీనా నవ్వలేదు.

ఆమెకి ఆ వాదన మొదట తేలిగ్గా తగిలింది, భుజం మీది మూట ఎవరో దించినట్టు. ఆ తరవాత మూట ఉన్న చోట చలేసింది. ఇన్నేళ్ళూ తనే పంపింది అనుకుంది. రాత్రుళ్ళు ఆ చేతిని తిట్టుకుంది, దుప్పటి కింద దాచుకుంది. కానీ తను పంపిందంటే, వాళ్ళ ప్రయాణంలో తన దారం ఒక్క పోగైనా ఉన్నట్టే కదా. ఇప్పుడు ఆ పోగు కూడా తెగింది.

"అంటే నేను పంపలేదు," అంది. "వాళ్ళే వెళ్ళారు. నేను పెట్టె ఇచ్చినా వెళ్ళేవాళ్ళు, ఇవ్వకపోయినా వెళ్ళేవాళ్ళు."

యోసెలిన్ వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయాయి. కేసు గెలిచింది, కానీ ఎవరి తరపున నిలబడిందో ఆ మనిషికే దెబ్బ తగిలింది. ఆమె గబగబా వచ్చి నేలమీద, అమ్మమ్మ పాదాల దగ్గర, తడిసిన అట్టముక్క మీద కూర్చుంది.

"నేను అలా అనలేదే."

"అనలేదు. నిజమే చెప్పావు. నిజం చెప్పడం నేర్చుకోడానికే కదా పోతున్నావు."

"పోను. వచ్చే ఏడు ఇక్కడే మళ్ళీ రాస్తాను. పోతే ఒక ఏడాది పోతుంది, అంతే కదా. నీ పక్కన కూర్చుని పెట్టెలు కుడతాను."

"నీ కుట్లు కుక్క నడిచినట్టుంటాయి. నా వ్యాపారం ముంచుతావా?"

"మరేం చెయ్యమంటావు?"

సతుర్నీనా పిల్ల తల మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఏదో చూసుకుంది. కుడిచెయ్యే.

"నాకొక్కటి చూపించు," అంది. "నా చేత్తో ఇచ్చిన పెట్టె ఒక్కటి తిరిగొచ్చిందని చూపించు. అప్పుడు నవ్వుతూ పంపుతాను."

యోసెలిన్ కావాలంటే అబద్ధం చెప్పవచ్చు. పాన్ఫిలా అయితే ఈపాటికి మూడు చెప్పేది.

"సాక్ష్యం లేదమ్మమ్మా," అంది యోసెలిన్. "ఇచ్చిందే రెండు. రెండూ రాలేదు. కానీ నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడు నువ్వు ఇచ్చిన పెట్టె ఏమవుతుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నువ్వు కూడా."

మబ్బులోంచి ఎండ ఒక్కసారిగా విరుచుకుపడింది. ప్లాస్టిక్ పట్టాల నీళ్ళు మెరిశాయి. జనం ధూపం వైపు కదలడం మొదలుపెట్టారు. అందరి చేతుల్లో బొమ్మలు, అందరి ముఖాలు పైకి, సూర్యుడి వైపు. కొట్టు ముందు కొనేవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. "అవ్వా, ఆ ఎర్రది!" "అవ్వా, త్వరగా, వేళ దాటిపోతోంది!"

ఏడాది మొత్తంలో సతుర్నీనా బతుకు తేలేది ఈ కాసేపే. ఆమె ఆ చేతుల గుంపుని చూసింది. అట్టముక్క మీద కూర్చున్న పిల్లని చూసింది. తరవాత వరసలోంచి పెట్టె తీయకుండా, వంగి, తన పనిసంచిలోంచి తేనెరంగు పెట్టె ఒకటి బయటికి తీసింది. కుట్టు అంత సన్నగా ఉంది, కన్ను పెడితే గాని కనబడదు.

యోసెలిన్ నోరు తెరిచింది. "ఎప్పుడు కుట్టావు?"

"కుట్టకూడదనుకుంటూనే కుట్టాను. చేతులకి మాట వినే అలవాటు లేదు." సతుర్నీనా తన శాలువా కుచ్చులోంచి ఒక దారం పోగు తెంపి, పెట్టె పిడికి రెండు ముళ్ళు వేసింది. "ఖాళీ పెట్టె ఇవ్వకూడదు. ఆ పుస్తకాలందుకో."

పౌరస్మృతి, శిక్షాస్మృతి, కళ్ళజోడు పట్టాయి. నల్లకోటు పెడితే మూత పడలేదు. సతుర్నీనా బొటనవేలితో మూత మీద అదిమి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ అదిమింది. బస్టాండులో మనుషులు సూట్‌కేసు మీద ఎక్కి కూర్చున్నట్టే. టక్కుమంది.

"పాన్ఫిలా!"

"పో వదినా, పో. నీ పెట్టెలు నేనమ్ముతాను. నా పుంజులు కాపలా ఉంటాయి. నిలబడి చూస్తావేం? తీర్పు చెప్పేశాను, పో!"

*

దీవించే సెరాపియో తాత ఆ మూల నిప్పుల కుంపటి ముందు కూర్చున్నాడు. కళ్ళు మంటతో ఎర్రబడ్డాయి. సతుర్నీనాని చూసి చేతిలోని ధూపం అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"పెట్టెల అవ్వ? ఈ వేళకి? ఎవరైనా చచ్చిపోయారా?"

"నోట్లో నిప్పు పడ! మనవరాలు లా చదవడానికి పోతోంది. బాగా పొగ వెయ్యి. పిసినారితనం చెయ్యకు."

చర్చి గంటలు మొదలయ్యాయి. టపాకాయలు పేలాయి. వందల చేతులు ఒక్కసారి కుంపటి మీదికి చాచుకున్నాయి. ఇళ్ళు, బండ్లు, సంచుల బియ్యం, పుంజులు. సెరాపియో తాత చిన్న గంట మోగిస్తూ, సారా చిలకరిస్తూ, పూలరేకలు చల్లుతూ, గొంతులోనే ఏదో పాడుతున్నాడు. పొగ మెత్తగా, తియ్యగా, కళ్ళు మండేలా లేచింది.

సతుర్నీనా పెట్టెని మనవరాలి రెండు చేతుల్లో పెట్టింది. తన కుడిచెయ్యి దాని మీద అలాగే ఉంచింది.

"తీసుకో. నా చేత్తో ఇస్తున్నాను. అక్కడ వేళకి తిను. నిలబడి జవాబు చెప్పు, ఎవరడిగినా. తెలియకపోతే తెలియదను. ఇందాక నాతో సాక్ష్యం లేదన్నావు చూడు, అలా చెప్పు. సెలవులకి రాకపోయావో, నేనే బస్సెక్కి వచ్చి మీ క్లాసులో ముందు బల్లమీద కూర్చుంటాను. భూతద్దంతో సహా."

"వస్తాను," అంది యోసెలిన్. పొగకో దేనికో ఆమె కళ్ళు కారుతున్నాయి. "నువ్వొచ్చి కూర్చుంటే సార్లు ఉద్యోగం మానేస్తారు. వాళ్ళకోసమైనా వస్తాను."

సతుర్నీనా నవ్వింది. పొద్దుటి నుంచి ఇదే మొదటి నవ్వు. చెయ్యి తీసేసింది. తీసేసినా పెట్టె పిల్ల చేతుల్లో స్థిరంగానే ఉంది.

అప్పుడే ఆమె పక్క నుంచి ఇంకో చెయ్యి కుంపటి మీదికి వచ్చింది. అందరిలాగే పొగ కోసం చాచిన చెయ్యి. అందులో ఒక పెట్టె.

కొత్తది కాదు. అరచేతుల చెమటకి నల్లబడ్డ ఆకుపచ్చ తోలు. రంగు వెలిసినా ఇంకా ఎర్రగానే ఉన్న దారం, ప్రతి మూడో కుట్టూ కాస్త పక్కకి వాలి. తాళం ఉండవలసిన చోట గడియారం పట్టీ బకిలు.

లోకంలో అలాంటి పెట్టె ఒక్కటే ఉంది. దాన్ని కుట్టిన మనిషి ఇక్కడే నిలబడి ఉంది.

ఆ చెయ్యి భర్త ఫోర్తునాతోది కాదు. అది ఆడమనిషి చెయ్యి. సతుర్నీనా చూపు ఆ చేతి వెంబడే పైకి పాకింది. దూరప్రయాణంలో నలిగిన కోటు, మెడకి చుట్టిన ఉన్ని మఫ్లరు, ఎన్నడూ చూడని, నలభై దాటని ముఖం. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గండి, ఎవరో రబ్బరుతో చెరిపినట్టు.

యోసెలిన్ కూడా చూసింది. ఆమె వేళ్ళు తెలియకుండానే తన కనుబొమ్మ మీదికి వెళ్ళాయి.

"అమ్మా," అంది ఆ మనిషి, అర్జెంటీనా వైపు యాసలో, సాగదీసి, భయపడుతూ. "పుంజులమ్మే ఆవిడ మీరు ఇటు వచ్చారంది. పెట్టెలు కుట్టే సతుర్నీనా గారు మీరేనా?"

ఆ మనిషి జవాబు కోసం ఆగలేదు. పొగ తగిలిన ఆకుపచ్చ పెట్టెని రెండు చేతులతో పట్టుకుని ఆమె కుడిచేతిలో పెట్టింది.

ఆనాడు పొద్దు వాలాక, సరుకంతా అమ్ముడుపోయి లోపల పెట్టడానికి ఏమీ మిగలక, సతుర్నీనా ఆ పెట్టెని ఖాళీగానే ఇచ్చింది. ఆ సంగతి ఆమెకి నిన్నటిలా గుర్తుంది.

ఇప్పుడు ఆమె చేతిలో అది కదిలినప్పుడు, లోపల ఏదో గలగలమంది.